స్టాకు రిజిస్టరులో నూకరత్నం

తాళ్ళమెట్ట హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలందరూ ఒకే రోజున దర్శకులైపోయారు, ఒక్క నూకరత్నం తప్ప. ఆ రోజు ఆ పిల్లకి గవదబిళ్ళలు.

దీనంతటికీ కారణం ఒక సర్క్యులర్. పైన ఎక్కడో ఒక పెద్ద అధికారి పట్నంలో నాటకం చూడ్డానికి వెళ్ళారట. నాటకం మొదలవుతూనే ఆయనకి కునుకు పట్టింది. ఆఖర్న మెలకువ వచ్చేసరికి, మెడకి తువ్వాలు చుట్టుకున్న ఒకాయన స్టేజీ మీద నిలబడి ఉన్నాడు, జనమంతా లేచి చప్పట్లు కొడుతున్నారు.

"ఎవరాయన?" అని అడిగితే, "దర్శకుడండి" అన్నారు.

"నాటకంలో ఎక్కడా కనిపించలేదే?"

"కనిపించరండి. అంతా ఇతరుల చేత చేయిస్తారు."

ఎక్కడా కనిపించకుండా, అంతా ఇతరుల చేత చేయించి, చప్పట్లు మాత్రం తను తీసుకునే ఉద్యోగం తనది కాక ఇంకొకటి ఉందని అప్పటిదాకా ఆ అధికారికి తెలియదు. దర్శకుల మీద ఆయనకి అపారమైన గౌరవం కలిగింది. పది రోజుల్లో సర్క్యులర్ దిగింది.

"నాటకమునకు దర్శకుడే ప్రాణమనియు, ప్రాణము లేని నాటకములు ఎక్కువగుచున్నవనియు ఈ కార్యాలయము దృష్టికి వచ్చియున్నది. కావున తొమ్మిదవ తరగతి చదువుచున్న ప్రతి విద్యార్థియు దర్శకుని పాత్రను, పద్ధతులను అధ్యయనము చేసి, స్వయముగా ఒకే ఒక పర్యాయము దర్శకత్వము వహించవలెను. ఇందులకు ఇరవై మార్కులు. ఈ మార్కులు లేనివారిని పదవ తరగతికి పంపరాదు."

హెడ్మాస్టరు భీమశంకరం గారు పెళ్ళి శుభలేఖ వచ్చినా ముందు దాని మీద రిఫరెన్సు నంబరు ఉందా అని వెతికే మనిషి. ఆయన సర్క్యులర్‌ని తరగతిలో రెండుసార్లు చదివి, హాజరైన ముప్పై ఏడు మంది పేర్లూ దర్శకుల జాబితాలో రాసేసి, కింద గీత కొట్టి సంతకం పెట్టేశారు. గీత కొట్టాక ఇంక దానికింద ఎవరి పేరూ ఎక్కదు.

సర్క్యులర్‌తో పాటు ఎనభై పేజీల కరదీపిక కూడా వచ్చింది. దర్శకుడికి ఉండవలసినవి మూడని అందులో ఉంది. మెడకి తువ్వాలు, నోట్లో ఈల, ముఖంలో అసంతృప్తి. మూడోదాని కింద గీత కూడా ఉంది: "దర్శకుడు ఎల్లవేళలా అసంతృప్తిగా కనిపించవలెను."

ఏప్రిల్ నెల ఎండలో ముప్పై ఏడు మందీ మెడలకి తువ్వాళ్ళు చుట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఊళ్ళో తిరగసాగారు. ఇళ్ళల్లో తల్లులు కంగారు పడ్డారు.

"ఏరా, కూర బాగోలేదా?"

"బాగుందమ్మా. ప్రాక్టీసు చేస్తన్నాను."

ఐదో రోజున క్లాసు లీడరు సూరిబాబుకి ఒక అనుమానం వచ్చింది. అది హెడ్మాస్టరు గారికి చెప్పాడు. "సార్, మేమందరం దర్శకులం కదండీ. మరి నాటకం ఎవరాడతారండి?"

భీమశంకరం గారు జిల్లా ఆఫీసుకి ఫోన్ చేశారు.

"నటించమని సర్క్యులర్‌లో ఎక్కడైనా ఉందా?" అని అవతలి గొంతు అడిగింది.

"లేదండి."

"లేని విషయం మీరెందుకు లేవనెత్తుతున్నట్టు?"

"ఆయ్, పొరపాటేనండి. కానీ దర్శకత్వం దేనికి వహించాలో..."

"అనుబంధం మూడు చూసుకోండి" అని ఫోన్ పెట్టేశారు.

అనుబంధం మూడులో అన్నీ ఉన్నాయి. "కావలసిన సాధనములు: కుర్చీ (దర్శకునికి) – 1. ఈల – 1. సుద్దముక్కలు – ఒక పెట్టె. తెర – 1. నటుడు లేక నటి – 1 (స్థానికముగా సేకరించుకొనవలెను)."

కుర్చీ ఉంది. ఈల డ్రిల్లు మాస్టారి దగ్గరుంది. నటిని స్థానికంగా ఎక్కడ సేకరించాలా అని భీమశంకరం గారు వరండాలో నిలబడి ఆలోచిస్తూ ఉంటే, గేటులోంచి నూకరత్నం వచ్చింది. దవడ వాపు పూర్తిగా తగ్గలేదు. తల చుట్టూ తువ్వాలు కట్టుకుని ఉంది. దర్శకులు మెడకి కట్టుకున్నదాన్ని ఈ పిల్ల తలకి కట్టుకోవడం చూసి, ఈమె వేరే జాతి అని ఆయన వెంటనే గుర్తుపట్టేశారు.

నూకరత్నం బడిలో మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అంటుంది గానీ అది ఆమె పెదాలు దాటదు. అందుకని సగం రోజులు బడిలో కూర్చునే ఆబ్సెంటు పడుతూ ఉంటుంది. "నేనున్నానండి" అని చెప్పడానికి లేవాలి, అందరూ చూస్తారు. దానికన్నా ఆబ్సెంటే నయమనుకునేది. ఆ పిల్ల గొంతు ఊరికి వినిపించేది ఎండాకాలంలోనే. ఇంటి ముందు మంచం మీద వాళ్ళమ్మ అప్పలకొండ వడియాలు పెడితే కాపలా కూర్చునేది రత్నమే. చినుకు పడిందంటే చాలు, మూడు వీధులు వినపడేలా కేక పెడుతుంది. "బళ్ళో నోరు పెగలదు గానీ వడియాల దగ్గర మైకు మింగినట్టుంటాది" అని అప్పలకొండ అందరితోనూ చెబుతుంది. గవదబిళ్ళల పది రోజులూ ఆ పిల్ల చేసిన పని కూడా అదే.

"అమ్మా నూకరత్నం, నీకిప్పుడు ఏమైనా పదవి ఉందా?" అన్నారు హెడ్మాస్టరు.

రత్నం లేదన్నట్టు తల ఊపింది.

"అయితే నువ్వు నటివి."

కాదనాలంటే నోరు తెరవాలి. తెరిస్తే దవడ నొప్పి. అందుకని ఆ పిల్ల నటి అయిపోయింది. ఆ సాయంత్రమే గుమాస్తా స్టాకు రిజిస్టరు తీసి, "గ్లోబు – 1. గ్లోబు (పగిలినది) – 1. తరాజు – 1" అన్నవాటి కింద, "నటి – 1. స్థితి: స్వల్ప వాపు. పనిచేయుచున్నది" అని రాశాడు.

మర్నాటి నుంచి రిహార్సల్సు. కరదీపికలో 'వాన' అని తొమ్మిది పేజీల నాటిక ఇచ్చారు. ఒక రైతు, అతని భార్య, పక్కింటివాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక ఎద్దు వాన కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఉన్నది ఒక్క నటి కాబట్టి సూరిబాబు కరదీపికలోని నాలుగో పద్ధతి ప్రయోగించాడు. నాలుగో పద్ధతి పేరు 'అనవసరమైనది తొలగించుట'. మొదట ఎద్దు పోయింది. తరవాత రైతు పోయాడు. ఇంక మిగతావాళ్ళు ఊరుకుంటారా? తొలగించకపోతే దర్శకత్వం చేసినట్టు లెక్క కాదేమోనని తలా కాస్త తొలగించారు. ఇరవయ్యో దర్శకుడి వంతు వచ్చేసరికి నాటకంలో మిగిలింది ఒక్కటే మాట: "అమ్మా, వానొచ్చింది."

ముప్పై ఆరో దర్శకురాలు లోవకుమారి, "ఇదీ తీసేసి మౌనంగా ఉంచుదాం సార్, లోతుగా ఉంటాది" అంది. ఏదో ఒకటి వినపడకపోతే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవారు నాటకం జరిగినట్టు సర్టిఫై చేయరని హెడ్మాస్టరు ఒప్పుకోలేదు.

ఆ ఒక్క మాటకీ ముప్పై ఏడు రకాల దర్శకత్వాలు.

"ఎడంకాలు ముందు, చూపు ఆకాశం మీద, 'అమ్మా' దగ్గర ఏడుపు" అని సూరిబాబు.

"ఆకాశం వైపు చూడకే. వాన అంటే అందరూ అటే చూస్తారు. నువ్వు నేల చూడు" అని రెండోవాడు.

"వాన ఇక్కడ వాన కాదు. అదొక ఆశ. ఆశ కనపడాలి" అంది లోవకుమారి.

"ఆశ కనపడాలంటే ఏటి చెయ్యాలే?" అని రత్నం చాలా మెల్లిగా అడిగింది.

"అది నటి చూసుకోవాలి. దర్శకుడు చెప్పడం వరకే. పేజీ నలభై రెండు."

ప్రతివాడూ నేల మీద సుద్దముక్కతో ఆమె నిలబడవలసిన చోటు గీసి తన నంబరు వేశాడు. బడి వరండా తొక్కుడుబిళ్ళ ఆటకి గీసినట్టైపోయింది. రత్నం ఎవరినీ నొప్పించలేదు. ముప్పై ఏడూ ఒక నోటు పుస్తకంలో రాసుకుని, ఏడుపు, నవ్వు, ఆశ, లోతు, కుడికాలు, ఎడంకాలు అన్నీ వరసగా బట్టీ పట్టింది.

బడి గోడకి అవతల గవిర్రాజు తాత ఇల్లు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి. అరుగు మీద కూర్చుని ఇదంతా వారం రోజులు చూసి, ఒకనాడు ఇంటికి పోతున్న రత్నాన్ని పిలిచాడు.

"ఏటే మనవరాలా, ఈలలూ గోలాను? పోలీసు సెలక్షనా?"

రత్నం చెప్పింది. తాత పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వాడు.

"మా కాలంలో ఈ దర్శకుడు లేడే. మొత్తం జనమే చూసుకునేవారు. బాగుంటే 'వన్స్ మోర్' అని ఒక్క కేక పెట్టేవారు. యుద్ధంలో చచ్చి పడినోడు కూడా లేచి, దులుపుకుని, మళ్ళీ పద్యం పాడి, మళ్ళీ చచ్చిపోవాల్సిందే. 'వన్స్ మోర్' అన్నాక పాడకుండా పోయినోడు మా పార్టీలో లేడు." చుట్ట వెలిగించుకుని, "అది సరే గానీ, ఆ మాట నువ్వు ఎవరితో అంటన్నావే?" అన్నాడు.

రత్నం నోటు పుస్తకమంతా వెతికింది. అది ఎవరూ రాయించలేదు.

ఇన్‌స్పెక్షన్ ఇంక రెండు రోజులుందనగా నోటీసు బోర్డు మీద పదో తరగతికి పోయేవాళ్ళ జాబితా పెట్టారు. ముప్పై ఏడు పేర్లు. రత్నం పేరు లేదు. ఆబ్సెంటు పడినా ఏనాడూ అడగని పిల్ల, ఆ రోజు మాత్రం హెడ్మాస్టరు గది గుమ్మం పట్టుకుని నిలబడింది.

"సార్... నా పేరు..."

భీమశంకరం గారు నిజంగానే బాధపడ్డారు. స్టాకు రిజిస్టరు తీసి చూపించారు. "నువ్వు ఇందులో ఉన్నావమ్మా. ఇందులో ఉన్నవాళ్ళు అందులో ఉండకూడదు. సాధనానికి మార్కులు వేస్తే రేపు ఆడిట్‌లో గ్లోబుకి ఎందుకు వెయ్యలేదని అడుగుతారు."

"మరి నేను పదో తరగతి..."

"స్టాకు బడి దాటి పోకూడదు కదమ్మా. వచ్చే ఏడు తొమ్మిదోవాళ్ళకి కూడా నటి కావాలి. నువ్వు అలవాటైనదానివి."

బయట సూరిబాబు కాచుకుని ఉన్నాడు. మెడలో తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ, "రత్నం, నువ్వు కూడా దర్శకత్వం చేస్తానని అడగలేదు కదా? నటి లేకపోతే మేం ముప్పై ఏడు మందిమీ ఫెయిలేనే. నీ ఒక్కదాని గురించి చూసుకుంటావా ఏటి?" అన్నాడు. మొదటిసారిగా ఆ ముఖంలో నిజమైన అసంతృప్తి కనిపించింది.

రత్నం ఇంటికి పోయి వడియాల మంచం పక్కన కూర్చుంది. నటించనంటే ముప్పై ఏడు మంది పోతారు. నటిస్తే తను పోతుంది, పగిలిన గ్లోబు పక్కన ఏళ్ళ తరబడి. అమ్మతో చెబుదామనుకుంది. చెబితే అమ్మ బడికొచ్చి గొడవ పెడుతుంది, అందరూ చూస్తారు. అందుకని అదీ చెప్పలేదు.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవారి పేరు వరాహమూర్తి గారు. జిల్లా దర్శకత్వ పరిశీలనాధికారి, అదనపు బాధ్యతలు. అసలు బాధ్యత బడుల బెంచీలు, బీరువాలు. ఆయన చేతిలో దర్శకుడికొకటి చొప్పున పదకొండు గళ్ళ ఫారాల కట్ట ఉంది. ఊళ్ళో నాటకం అని తెలిసి జనం మధ్యాహ్నం నుంచే బడి ఆవరణలో చాపలు పరిచేసుకున్నారు. ముందు వరసలో గవిర్రాజు తాత, మూడో వరసలో అప్పలకొండ, పక్కన వీధి ఆడవాళ్ళందరూ.

కరదీపిక ప్రకారం ప్రతి దర్శకుడూ ముందు తన దృక్పథం వివరించాలి. సూరిబాబు ఆరు నిమిషాలు వివరించాడు. ఈల వేశాడు. స్టేజీగా మారిన వరండాలో తెర లేచింది. రత్నం ఒకటో నంబరు గీత మీద ఎడంకాలు పెట్టి, "అమ్మా, వానొచ్చింది" అని ఏడ్చింది. తెర పడింది. వరాహమూర్తి గారు గళ్ళు నింపారు. 'ప్రేక్షకులపై ప్రభావము' అన్న గడిలో 'లేదు' అని రాశారు.

రెండో దృక్పథం. రెండో తెర. "అమ్మా, వానొచ్చింది." లేదు.

పదిహేనో నాటకానికి జనంలో ఆడవాళ్ళు చింతపండు ధర గురించి మాట్లాడుకుంటున్నారు. ఇరవై రెండో నాటకంలో రత్నం లోతుగా ఉంది, ఎవరూ గమనించలేదు. ముప్పై ఆరో నాటకంలో ఆశగా ఉంది. ముప్పై ఏడోది అయ్యేసరికి మూడు గంటలు గడిచాయి. వరాహమూర్తి గారు ముప్పై ఏడో 'లేదు' రాసి, కలం మూత పెట్టారు. దర్శకులందరూ వరసగా స్టేజీ మీదకొచ్చి వంగి నమస్కారం పెట్టారు. చప్పట్లు కూడా కొట్టించుకున్నారు. సాధనం తెర పక్కన నిలబడింది.

అప్పుడు ముందు వరసలోంచి కేక వచ్చింది.

"వన్స్ మోర్!"

గవిర్రాజు తాత చాప మీద మోకాళ్ళ మీద లేచి మరీ అరిచాడు. నిద్రలోంచి లేచిన నలుగురు ముసలివాళ్ళు అలవాటు కొద్దీ "వన్స్ మోర్!" అన్నారు. ఇంక ఊరంతా అందుకుంది.

వరాహమూర్తి గారు ఫారం తిరగేసి చూశారు. వన్స్ మోర్‌కి గడి లేదు. నిషేధం కూడా లేదు. "సత్వరం కానివ్వండి" అన్నారు.

రత్నం స్టేజీ మధ్యకి వచ్చింది. ఏ గీత మీద నిలబడాలో తెలియలేదు. ముప్పై ఏడుగురూ తమ తమ ఒక్కో పర్యాయం వాడేసుకున్నారు కాబట్టి ఎవరూ ఈల వెయ్యలేదు. నోటు పుస్తకం అయిపోయింది. ఇంక మిగిలింది తాత అడిగిన మాటే. ఎవరితో అంటున్నావే?

ఆ పిల్ల జనంలోకి చూసింది. మూడో వరసలో అమ్మ. అమ్మ ఇక్కడుంది. తనూ ఇక్కడే ఉంది. మరి ఇంటి ముందు మంచం మీద వడియాలు?

"అమ్మా! వానొచ్చిందే!"

మరుక్షణంలో అప్పలకొండ చాప మీద లేదు. ఆమె వెనకాల వీధి ఆడవాళ్ళు, వాళ్ళ వెనకాల పక్క వీధి ఆడవాళ్ళు, మిరపకాయలు ఎండబెట్టినవాళ్ళు, అప్పడాలు ఎండబెట్టినవాళ్ళు, బట్టలు ఆరేసినవాళ్ళు, చెప్పులు అక్కడే వదిలేసి గేటు వైపు పరుగు తీశారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గుడ్ల ట్రే పట్టుకుని లోపలికి పారిపోయింది. వరాహమూర్తి గారు ముప్పై ఏడు ఫారాలూ చొక్కా లోపల దోపుకుని, గొడుగు విప్పుకుని, వరండాలోకి ఎక్కేశారు.

పైన ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క మబ్బు లేదు.

గొడుగు కింద కాసేపు నిలబడ్డాక ఆయనకి ఆ విషయం తెలిసింది. గొడుగు ముడిచి, ఎర్రబడ్డ ముఖంతో అడిగారు. "ఈ ప్రదర్శనకు దర్శకత్వము వహించినది ఎవరు?"

"నేను కాదండి" అన్నారు ముప్పై ఏడుగురూ ఒక్క గొంతుతో. దర్శకులందరూ ఒక్క మాట మీద ఉండడం అదే మొదటిసారి.

"ప్రేక్షకులపై ప్రభావము అన్న గడిలో 'కలదు' అని రాయవలసిన పరిస్థితి ఏర్పడినది. ఇరవైకి ఇరవై వేయుచున్నాను. పేరు చెప్పండి."

"నేనేనండి" అన్నారు ముప్పై ఏడుగురూ.

"నిబంధన ప్రకారం ఒకరికి ఒకే పర్యాయము. మీ పర్యాయములు ముగిసినవి. పేరు గడి ఖాళీగా ఉంచరాదు. ఇంకెవరున్నారు?"

గవిర్రాజు తాత ఏమీ ఎరగనట్టు చుట్ట వెతుక్కుంటున్నాడు. మిగిలింది రత్నం. భీమశంకరం గారు చేతులు నలుపుకుంటూ, "ఆ అమ్మాయి స్టాకండి" అని రిజిస్టరు తెచ్చి చూపించారు.

వరాహమూర్తి గారి ముఖం మొదటిసారి వికసించింది. నాటకాల సంగతి ఎలా ఉన్నా, స్టాకు ఆయన సొంత విద్య. "దీనికింత ఆలోచన ఎందుకండీ? పనికిరాని సాధనాన్ని స్టాకులోంచి తీసెయ్యడానికి సర్టిఫికెట్ ఉంది కదా. నేను నెలకి రెండొందల బెంచీలు తీసేస్తాను." సంచీలోంచి పచ్చ కాగితం తీశారు. "కారణం? విరిగిందా?"

"లేదండి."

"చెద పట్టిందా?"

"లేదండి."

"మరి ముప్పై ఏడు మంది చెప్పినదానిలో ఒక్కటైనా ఆఖరి ప్రదర్శనలో చేసిందా?"

దర్శకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "లేదండి."

ఆయన తృప్తిగా ఒక గడిలో టిక్కు పెట్టి, ముద్ర వేసి, ముప్పై ఎనిమిదో ఫారం తీసి, దర్శకుడి పేరు గడిలో ఆ పిల్ల పేరు రాసుకున్నారు. తరవాత నిబంధన కోసం పైకి చదివారు.

"నూకరత్నం?"

"ప్రెజెంట్ సార్!"

అప్పుడే గంపలతో గేటులోకి తిరిగొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగిపోయి ఆకాశం వైపు చూశారు.

వాళ్ళ వెనకే అప్పలకొండ వచ్చింది. చంకలో వడియాల గంప, వగరుస్తోంది. "వానేదే? ఏదే వాన? సగం ఎండిన వడియాలన్నీ ముద్దయిపోయాయి!"

"తొలగించిన సాధనమును సొంతదారుకు అప్పగించవలెను" అని వరాహమూర్తి గారు పచ్చ కాగితం ఆమె చేతికిచ్చి, ఇక్కడ సంతకం అన్నారు.

అప్పలకొండ ఐదో తరగతి వరకూ చదివింది. గంప కిందపెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పైకే చదివింది. "చెప్పినట్లు... పనిచేయుట లేదు. మరమ్మతుకు... వీలులేదు."

కాగితం మీంచి తలెత్తి, ఒకసారి కూతురి వైపు, ఒకసారి అధికారి వైపు చూసింది.

"ఈ ముక్క రాయడానికి జిల్లా నుంచి మీరు రావాలాండీ? నన్నడిగితే ఇది పుట్టిన మూడో నెలలోనే రాసిచ్చేసేదాన్ని."

అని, సంతకం పెట్టి, గంప రత్నం నెత్తి మీద పెట్టింది.